రంగు ఎక్కడికి పోయినది?

(మైలవరమున గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమునందు సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేను రసాయన శాస్త్రమునందు పండితుడను కాను. పట్టభద్రుడనైన పిమ్మట ప్రచార శాఖలో చేరి, ఇరువది సంవత్సరములకు పైగా ఊరూరు తిరిగి, చూచినది వ్రాయుట, వ్రాసినది చెప్పుట వృత్తిగా పెట్టుకొన్నవాడను. కనుక నేడు నేను చెప్పబోవు విషయమును పండితుని వలె గాక, మీవంటి గ్రామస్థులతో కూర్చుండి ముచ్చటించు వాని వలె చెప్పెదను.

విషయమిది. కర్మాగారముల నుండి, అద్దకపు కేంద్రముల నుండి వెలువడు రంగునీటిని శుభ్రపరచుటకు మరియొక కర్మాగారపు వ్యర్థ పదార్థములను ఉపయోగింపవచ్చునా? బూడిదతో రంగును కడుగవచ్చునా? ఒకరి చెత్త మరియొకరి మురికిని పోగొట్టునా? పోగొట్టునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అది నిజమే. కాని ఆ నిజములో సగము మాత్రమే విని ఊరక కూర్చుండిన గ్రామము నష్టపోవును. ఆ రెండవ సగమును మీకు చెప్పుటకే నేను వచ్చితిని.

మన మైలవరము ఉన్న చోటును ఒకసారి తలచుకొనుడు. ఇక్కడికి దక్షిణమున ఇబ్రహీంపట్నము వద్ద డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రము కలదు. 1979లో మొదటి యూనిట్ ప్రారంభమైనది మొదలు అది అంచెలంచెలుగ పెరిగినది. 2023లో 800 మెగావాట్ల ఎనిమిదవ యూనిట్ కూడ దానికి చేరినది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు అధికము. ఒక టన్ను బొగ్గు కాల్చినచో దాదాపు 300 నుండి 400 కిలోల బూడిద మిగులును. పడమర దిక్కున జగ్గయ్యపేట ప్రాంతమున సున్నపురాయి నేలలు, సిమెంటు కర్మాగారములు కలవు. పొరుగున కొండపల్లిలో పారిశ్రామికవాడ ఉన్నది. కృష్ణా జిల్లా డెల్టాలో పెడన కలంకారీ అద్దకములకు పేరెన్నిక గన్నది. అనగా బూడిద ఒక ప్రక్క, సున్నము ఒక ప్రక్క, రంగు ఒక ప్రక్క. నడుమ మన చెరువులు, బావులు, బుడమేరు. ఈ విషయము మనకు సంబంధింపనిదని ఎవరనగలరు?

మూడు గాజు పాత్రలు

ఈ బల్లపై మూడు గాజు పాత్రలున్నవి. వీటిని నిన్నటి సాయంత్రము సిద్ధపరచితిని. మొదటి దానిలో, ఆస్పత్రులలో పుండ్లకు పూయు ఊదారంగు మందును కొన్ని చుక్కలు నీటిలో కలిపి, విద్యుత్ కేంద్రపు బూడిదను రెండు చెంచాలు వేసి, బాగుగ కలియబెట్టి ఉంచితిని. బూడిద అడుగున పేరినది. పైనీరు దాదాపు తేరినది. వెనుక కూర్చున్నవారు కూడ చూడవచ్చును.

రెండవ పాత్రలో నూలు బట్టకు వేయు ఎర్రరంగు కలిపిన నీరున్నది. దానిలోనూ అదే బూడిద, అంతే వేసితిని, అంతసేపే ఉంచితిని. బూడిద అడుగున పేరినది గాని నీరు ఇంకను ఎర్రగనే ఉన్నది. మూడవ పాత్రలో ఆ ఎర్రనీటినే పోసి, కొబ్బరిచిప్పల నుండి తయారైన శుద్ధిబొగ్గును వేసితిని. నీరు లేత గులాబి వర్ణమునకు వచ్చినది గాని పూర్తిగ తెల్లబడలేదు.

ఒకే బూడిద ఒక రంగును పట్టి వేరొక రంగును విడిచినదేమి? కారణము ఇది. నీటిలో కరగిన రంగుల కణములకు విద్యుదావేశముండును. ఊదారంగు మందు కణములది ధనావేశము. బూడిద రేణువుల ఉపరితలము సాధారణముగ ఋణావేశము వహించి ఉండును. విజాతి ఆవేశములు ఆకర్షించుకొనును గనుక రంగు పోయి బూడిదను అంటుకొనును. నూలుబట్టలకు నేడు విరివిగ వాడు 'రియాక్టివ్' రంగుల కణములది ఋణావేశమే. సజాతులు వికర్షించుకొనును. కాబట్టి 'బూడిద రంగును తీయును' అని ఎవరైన చెప్పినచో, 'ఏ బూడిద? ఏ రంగు?' అని మొట్టమొదట మనము అడుగవలెను.

చిల్లగింజ నాటి నుండి

ఇది మనకు బొత్తిగ క్రొత్త విద్య కాదు. వరద రోజులలో ఏటినీరు ఎర్రగ వచ్చినపుడు మన అవ్వలు చిల్లగింజను సానపై అరగదీసి బిందెలో కలిపెడివారు. లేదా పటికముక్కను నీటిలో నాలుగు చుట్లు త్రిప్పెడివారు. నలుసులన్నియు ఒకదానినొకటి పట్టుకొని బరువెక్కి అడుగునకు దిగెడివి. ఇది పేరబెట్టు పద్ధతి. ఇసుక, బొగ్గు నింపిన కుండలో నుండి నీటిని వడియగట్టుట మరియొక పద్ధతి. బొగ్గులో కంటికి కనబడని సూక్ష్మరంధ్రములు అసంఖ్యాకముగ నుండును. వాసన, రంగు ఆ రంధ్రముల గోడలకు అంటుకొని నిలిచిపోవును. దీనికి శాస్త్రజ్ఞులు అధిశోషణమని పేరు పెట్టినారు.

శుద్ధిబొగ్గు శ్రేష్ఠమైనదే గాని దాని ధర అధికము. చిన్న అద్దకపు కేంద్రము వారు దానిని బస్తాలకొలది కొనజాలరు. అందుచేత శాస్త్రజ్ఞుల దృష్టి కర్మాగారములలో ఊరక పడియున్న పదార్థములపై ప్రసరించినది. వాటిలో మన ప్రాంతమునకు పరిచితమైన కొన్నింటిని చెప్పెదను.

బియ్యపు మిల్లులలో ఊక కాల్చగా మిగులు బూడిద ఒకటి. చక్కెర మిల్లులలో చెరకుపిప్పి కాల్చగా మిగులు బూడిద రెండవది. వీటిలో పూర్తిగ కాలని బొగ్గు మిగిలియుండిన కొలది రంగును పట్టు శక్తి హెచ్చుగ నుండును. బాగుగ కాలి తెల్లబడిన బూడిదకు ఆ శక్తి తక్కువ. వంటచెరకుగ చూచినచో బాగుగ కాలినదే మంచిది. రంగు తీయుటకు చూచినచో కాలక నల్లగ మిగిలినదే మంచిది.

విద్యుత్ కేంద్రపు ఎగురు బూడిద మూడవది. ఇసుకలో నుండు సిలికా, అల్యూమినా దీనిలో అధిక భాగము. రేణువులు మిక్కిలి సన్నవి, గుండ్రనివి. ఇంతకు ముందు చూచినట్లు కొన్ని రంగులకు ఇది పనికివచ్చును.

వెల్డింగు పనికి ఎసిటిలీన్ వాయువు తయారుచేయు చోట మిగులు కార్బైడు సున్నపు బురద నాలుగవది. ఇది సున్నమే. పులుపెక్కిన కర్మాగారపు నీటిని సమస్థితికి తెచ్చుటకు, రంగును పేరబెట్టుటకు ఇది కొన్న సున్నమునకు బదులుగ పనిచేయును.

నీటి శుద్ధి కేంద్రములలో పటిక వేసి తేర్చగా అడుగున మిగులు బురద ఐదవది. దీనిలో అల్యూమినియం హైడ్రాక్సైడు ఉండును గనుక కొన్ని ఋణావేశపు రంగులను కూడ ఇది పట్టగలదు. ఎగురు బూడిద విడిచిన దానిని ఈ బురద పట్టవచ్చును. ఒక్క వ్యర్థము అన్ని రంగులకు మందు కాదు.

ఉత్తరదేశమున రూర్కీలోని పరిశోధకులు ఈ విషయమున చాల కృషి చేసినారు. నూనెను వాడి ఎరువులు తయారుచేయు కర్మాగారములలో మిగులు బొగ్గుబురదను శుద్ధిచేసి, వేడిచేసి, రంగునీటిపై ప్రయోగించినారు. ఉక్కు కర్మాగారపు కొలిమి చిట్టెమును, దుమ్మును, బురదను కూడ పరీక్షించినారు. 2003లో ప్రకటించిన ఫలితములలో, ఎరువుల కర్మాగారపు బొగ్గు రంగును చక్కగ పట్టినదనియు, కొలిమి చిట్టెము మొదలైనవి ఆ పనికి చాల వెనుకబడినవనియు తేలినది. కొలిమి చిట్టెము సిమెంటు తయారీకి చక్కగ పనికివచ్చు పదార్థము. దానిని అటు పంపుటయే లాభము. ఏ వ్యర్థమునకు ఏ పని తగునో తెలిసికొనుటయే ఈ విద్యలోని కీలకము.

తేట నీరు, మంచి నీరు ఒకటి కాదు

ఇంతవరకు చెప్పినది ఆశ కలిగించు భాగము. ఇక జాగ్రత్త కలిగించు భాగమునకు వచ్చెదను.

నూలునకు రియాక్టివ్ రంగు వేయునపుడు తొట్టిలో వేసిన రంగంతయు దారమునకు పట్టదు. గణనీయమైన భాగము నీటిలోనే మిగిలి బయటికి పోవును. రంగు పట్టుటకై ఆ తొట్టిలో ఉప్పును విరివిగ వేయుదురు. ఆ ఉప్పు దారమునకు అంటదు; అంతయు నీటితోనే బయటికి వచ్చును. బొగ్గు గాని, బూడిద గాని, పటిక గాని ఈ ఉప్పును తీయజాలవు. నీరు అద్దము వలె తేరవచ్చును. పైరునకు పెట్టినచో మొక్క మాడవచ్చును.

తమిళనాడులోని తిరుప్పూరు కథ దీనికి సాక్ష్యము. అక్కడి అద్దకపు కేంద్రముల నీరు నొయ్యల్ నదిలో కలిసినది. దిగువ రైతుల సాగు కొరకు 1992 నాటికి నిర్మించిన ఒరత్తుపాళయము ఆనకట్ట, కాలక్రమమున సాగునీటి చెరువునకు బదులు రంగునీటి తొట్టిగ మారినది. ఆ ఉప్పునీటి వలన రైతుల పొలములు, బావులు చెడినవి. వివాదము ఏండ్ల తరబడి సాగినది. తుదకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు కేంద్రములను మూసివేయుమని ఆదేశించినది. ఒక్కసారిగ వందలాది కేంద్రములు మూతపడగా కూలిజనము ఉపాధికి ఎంత కష్టపడియుందురో మీరు ఊహింపగలరు. ఆ పిదప, చుక్క నీరైనను బయటికి విడువక తిరిగి వాడుకొను పద్ధతికి ఆ పట్టణము మారవలసివచ్చినది. మొదటనే జాగ్రత్త పడియుండినచో రైతు నష్టపోడు. కూలివాడు వీధిన పడడు.

మన రాష్ట్రమునందును ఇట్టి కష్టము లేకపోలేదు. చిత్తూరు సీమలో నగరి, పుత్తూరు ప్రాంతమున మరమగ్గములు వేలకొలది జనమునకు అన్నము పెట్టుచున్నవి. వాటితోబాటు పెరిగిన అద్దకపు కేంద్రముల రంగునీరు కుశస్థలీ నదిని చెరచినదని అక్కడి రైతులు ఎన్నో ఏండ్లు మొరపెట్టుకొన్నారు. ఆ నది అంతటితో ఆగదు. తమిళనాడులో ప్రవేశించి, చెన్నపట్టణమునకు త్రాగునీరిచ్చు పూండి జలాశయమును చేరును. ఎగువ ఊరి అశ్రద్ధ దిగువ పట్టణపు కడవలోనికి పోవును.

మన మెట్ట ప్రాంతమునకు ఈ హెచ్చరిక మరింత అవసరము. డెల్టా వలె మనకు నిండు కాలువలు లేవు. అనేక గ్రామములు భూగర్భజలముపై ఆధారపడినవి. ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో మీరెరుగుదురు. అక్కడికి కుళాయిల ద్వారా కృష్ణాజలమును అందించు పథకమును చేపట్టవలసివచ్చినది. ఆ వ్యాధికి కర్మాగారములు కారణమని నేననుట లేదు. బావినీటిపై నమ్మకము ఒకసారి పోయినచో దానిని తిరిగి తెచ్చుట ఎంత కష్టమో ఆ తండాలు చెప్పుచున్నవని మాత్రమే అనుచున్నాను.

నా పొరపాటు

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పవలెను. చెప్పుటకు సిగ్గుగనే ఉన్నది.

చాల ఏండ్ల క్రిందట, వేరొక జిల్లాలో పనిచేయు రోజులలో, ఒక చిన్న అద్దకపు కేంద్రమును చూడబోయితిని. ఊరి పేరు, కేంద్రము పేరు ఇప్పుడు అనవసరము. దాని యజమాని బాయిలరు బూడిదతో నింపిన గుంతలను నాకు చూపినాడు. ఒక గట్టున నీలిరంగు నీరు ప్రవేశించుచున్నది. మరియొక గట్టున తేట నీరు బయటికి వచ్చుచున్నది. నాకు చాల సంతోషము కలిగినది. 'వ్యర్థము నుండి అర్థము' అను శీర్షికతో ఘనముగ ఒక వ్యాసము వ్రాసితిని. ఛాయాచిత్రములు కూడ తీయించితిని.

నేను బయలుదేరుచుండగా, గట్టుమీద గడ్డి కోయుచున్న ఒక ముసలమ్మ నన్ను పిలిచి అడిగినది: "నీళ్లు తెల్లబడ్డయి, బాగానే ఉంది గాని బాబూ, ఆ రంగంతా ఎక్కడికి పోయింది?"

"బూడిదలోనికి పోయినదమ్మా" అంటిని.

"మరి ఆ బూడిద ఎక్కడికి పోద్ది?"

నా వద్ద సమాధానము లేదు. నేను యజమానిని ఆ ప్రశ్న అడుగలేదు. నవ్వి జీపు ఎక్కితిని. వ్యాసములో ఆ అవ్వ మాట వ్రాయనైన లేదు.

మరుసటి వర్షాకాలమున పనిమీద ఆ దారిన మరల పోయితిని. గుంతల నుండి తీసిన తడి బూడిదను చెరువుగట్టు వెనుక పోగు వేసియుంచినారు. వానకు ఆ పోగు జారి చెరువులో పడినది. నెలల తరబడి పట్టి ఉంచిన రంగు, దానితోబాటు బూడిద, రెండును ఒక్కసారే చెరువులో కలిసినవి. రేవున బట్టలుతుకువారు లేరు. పశువుల కాపరులు మందను దూరపు కుంటకు తోలుకొని పోవుచున్నారు. ఆ అవ్వ కనబడలేదు. కనబడినను ఆమె ముఖము చూచు ధైర్యము నాకు లేకపోయెడిది.

నాటి నుండి ఏ శుద్ధియంత్రము చూచినను నాకు ఆ ప్రశ్నయే మొదట స్ఫురించును: రంగు ఎక్కడికి పోయినది? నీటి నుండి తీసిన రంగు నశింపలేదు. చోటు మారినది, అంతే. బూడిదలో సహజముగనే స్వల్పముగ కొన్ని లోహములుండును. నీటిలో నానిన కొలది అవి కూడ ఊరి బయటికి రావచ్చును. రంగుతో నిండిన బూడిదను వానకు వదలివేయుట రెండు దోషములను ఒకచోట చేర్చుటయే.

ఒక లెక్క

ఈ మాట ఎంత బరువైనదో ఒక లెక్కతో చూతము. ఇది ఉదాహరణ కొరకు వేసిన లెక్క మాత్రమే. ఒక చిన్న కేంద్రము దినమునకు 20,000 లీటర్ల రంగునీటిని విడుచుననుకొందము. లీటరు నీటికి 10 గ్రాముల బూడిద అవసరమనుకొందము. దినమునకు 200 కిలోల బూడిద కావలెను. ఏడాదిలో 300 పనిదినములకు 60 టన్నులు. ఇది పొడి బూడిద తూకము. నీరు పీల్చిన పిదప తూకము ఇంకను పెరుగును. ఒక ట్రాక్టరు తొట్టి మూడు టన్నులు మోయుననుకొన్నను, ఏటికి ఇరువదికి పైగా తొట్ల రంగు బూడిద.

బూడిద ఉచితముగ రావచ్చును. దానిని తెచ్చు కిరాయి, కలియబెట్టు కరెంటు, పేరిన దానిని తీసి ఆరబెట్టు కూలి, చివరకు దానిని తగిన చోటికి చేర్చు ఖర్చు ఉచితము కావు. 'మా పద్ధతికి ఖర్చే లేదు' అని చెప్పువాడు ఈ చివరి ఖర్చును లెక్కలో వేయలేదని గ్రహింపుడు. వాడు వేయని ఖర్చును పంచాయతీ మోయవలసివచ్చును.

ఆ బూడిదకు దారి లేకపోలేదు. కర్మాగారపు నీటిని శుద్ధిచేయగా మిగులు రసాయనపు బురదను 2016 నాటి అపాయకర వ్యర్థముల నియమములు ప్రత్యేకముగ పేర్కొన్నవి. దానిని చెత్తకుప్పలో పారవేయరాదు. అనుమతి గలవారికి అప్పగించి, లెక్క వ్రాసి ఉంచవలెను. విశాఖపట్నము సమీపమున పరవాడ వంటి చోట్ల ఇట్టి వ్యర్థములను భద్రపరచు స్థలములు కలవు. సిమెంటు కొలిమిలో వేడి దాదాపు 1,450 డిగ్రీలకు చేరును. ఆ వేడిలో రంగు కాలిపోవును. బూడిదలోని సిలికా, అల్యూమినా సిమెంటులో కలిసిపోవును. కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో అనేక వ్యర్థములను దేశమున ఈ విధముగ సిమెంటు కొలిములలో వాడుచున్నారు. జగ్గయ్యపేట మనకు దూరము కాదు. నియమబద్ధముగ ఏర్పాటు జరిగినచో, ఇబ్రహీంపట్నపు బూడిద రంగునీటిని తేర్చి, జగ్గయ్యపేట కొలిమిలో తన ప్రయాణమును ముగింపవచ్చును. పరీక్ష లేక, అనుమతి లేక అట్టి బూడిదతో ఇటుకలు పోసి ఇండ్లు కట్టుట మాత్రము కూడదు.

శుద్ధి జరుగవలసిన క్రమము

సరియైన శుద్ధికేంద్రము ఎట్లుండునో మీరు తెలిసికొనియుండుట మంచిది. మొదట, వేరువేరు తొట్ల నుండి వచ్చు నీరంతయు ఒక పెద్ద తొట్టిలో చేరి సమముగ కలియవలెను. ఉదయము ఎరుపు, మధ్యాహ్నము నీలము వచ్చుచుండినచో ఏ మందును సరిగ పనిచేయదు. రెండవది, సున్నముతోనో ఆమ్లముతోనో నీటిని తగిన స్థితికి తేవలెను. మూడవది, పటిక గాని ఇనుప లవణము గాని వేసి పేరబెట్టవలెను. రంగులో పెద్దభాగము ఇచ్చటనే దిగును. నాలుగవది, సూక్ష్మజీవుల సాయమున కుళ్లు పదార్థమును తగ్గింపవలెను. ఆ పిమ్మటనే బొగ్గు లేక బూడిద వంతు వచ్చును. మిగిలిన రంగును తుడిచిపెట్టుట దాని పని; మొత్తము భారమును మోయుట దాని పని కాదు.

ఎగురు బూడిద మిక్కిలి సన్నని పొడి గనుక దానిని దొంతరగ పోసి నీరు వడియగట్టబోయినచో త్వరలోనే బిగిసిపోవును. తొట్టిలో కలియబెట్టి పేరనిచ్చుటయో, ఉండలుగ చేసి వాడుటయో మేలు. గుంతల అడుగున, ప్రక్కలను నీరు ఇంకని గచ్చు ఉండవలెను. మట్టిగుంతలో చేసిన శుద్ధి శుద్ధి కాదు. రంగును నేలలోనికి ఇంకించుట మాత్రమే.

బయటికి విడుచు నీటికి ప్రభుత్వము హద్దులు నిర్ణయించినది. వస్త్ర పరిశ్రమలకు 2016లో ప్రకటించిన ప్రమాణములలో రంగునకు 150 యూనిట్ల హద్దు కలదు. కరగిన లవణములు లీటరునకు 2,100 మిల్లీగ్రాములు మించరాదు. త్రాగునీటిలో అవి 500 మిల్లీగ్రాముల లోపల ఉండుట మేలు. ఈ రెండు అంకెల మధ్య గల దూరమును గమనింపుడు. హద్దులోపల నున్న కర్మాగారపు నీరైనను త్రాగునీరు కాదు.

పంచాయతీ చేయవలసినది

ఇక మన కర్తవ్యము. ఏదైన అద్దకపు కేంద్రమో, రంగుల కర్మాగారమో మీ గ్రామ సరిహద్దులలో వెలయబోవునపుడు, ఆ విషయము పంచాయతీ ముందునకు వచ్చిననాడు ఐదు ప్రశ్నలు అడిగి, సమాధానములను మినిట్సు పుస్తకమున వ్రాయింపుడు.

మొదటిది: దినమునకు ఎంత నీరు వాడెదరు, ఎంత విడిచెదరు? రెండవది: ఏ తరగతి రంగులు, ఎంత ఉప్పు వాడెదరు? మూడవది: ఏ పదార్థముతో శుద్ధిచేసెదరు, మీ రంగుపై దానిని పరీక్షించిన కాగితమేది? నాలుగవది: పట్టిన రంగుతో కూడిన బూడిద, బురద ఎక్కడికి పోవును, ఎవరు తీసికొందురు, లెక్క ఎక్కడ ఉండును? ఐదవది: కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ఉన్నదా? 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము ప్రకారము స్థాపించుటకు ఒక సమ్మతి, నడుపుటకు ఒక సమ్మతి కావలెను. మొదటి దానిని చూపి రెండవది ఉన్నట్లు నమ్మించువారు కలరు.

కర్మాగారము రాకమునుపే చుట్టుప్రక్కల నాలుగు బావుల నీటిని గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ కాగితమును పంచాయతీ కార్యాలయమున భద్రపరచుడు. రేపు నీరు చెడినదని మీరనినపుడు, 'మొదటినుండి ఇట్లే ఉన్నది' అని ఎదుటివారన్నచో మీకు సాక్ష్యము అదియే. జలజీవన్ మిషన్ క్రింద గ్రామములకిచ్చిన పరీక్షపెట్టెలతో క్లోరైడును చూడవచ్చును. అద్దకపు ఉప్పు బావిలో చేరుచుండినచో రంగు కనబడక మునుపే క్లోరైడు పెరుగుట తెలియును. ఈ పెట్టెను వాడుటకు శిక్షణ పొందిన ఆడపడుచులు మన గ్రామములలో కలరు. మైలవరములోనే ఇంజనీరింగు కళాశాల కలదు. అధ్యాపకులను సలహా అడుగుటకు మొగమాటమెందుకు?

అనుమానము కలిగినచో తేదీ, సమయము, స్థలము వ్రాసి, ఛాయాచిత్రముతో మండలి ప్రాంతీయ కార్యాలయమునకు ఫిర్యాదు పంపుడు. మీరు సీసాలో పట్టిన నీరు న్యాయస్థానమున చెల్లదు. అధికారి చట్టప్రకారము పట్టి ముద్రవేసిన నమూనాయే చెల్లును. కాని మీ ఫిర్యాదు లేనిదే అధికారి రాకపోవచ్చును.

మరియొక మాట. ఈ ప్రశ్నలు చేతివృత్తులవారిని బెదిరించుటకు కాదు. పెడన కలంకారీ పనివారు కరక్కాయ, పటిక, బెల్లము, ఇనుము మొదలైన వాటితో రంగులు కట్టి, పారు నీటిలో బట్టలు జాడించుకొని తరతరములుగ బ్రతికినారు. 2008లో మచిలీపట్నము కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టివారు ఒక్కొక్కరు వేరువేరుగ శుద్ధికేంద్రము కట్టలేరు. పది ఇండ్లవారికి, ఇరువది ఇండ్లవారికి కలిపి ఒక్క శుద్ధితొట్టి ఏర్పరచుకొనుటకు పంచాయతీ పూనుకొని స్థలము చూపినచో, వృత్తి నిలుచును, కాలువయు నిలుచును.

సోదర సోదరీమణులారా! మన మైలవరపు కొండలలో పుట్టిన బుడమేరు ఇక్కడ ఆగిపోవుట లేదు. వెలగలేరు దాటి, బెజవాడ ప్రక్కగ సాగి, కొల్లేటి దిక్కునకు పోవుచున్నది. 2024 సెప్టెంబరులో దాని గట్లు తెగి బెజవాడ వీధులు మునిగినపుడు, మన కొండవాగు బలమెంతో లోకము చూచినది. వరదగ పోవు నీటిని మనము ఆపలేకపోవచ్చును. దానిలో ఏమి కలిసి పోవుచున్నదో చూచుకొనుట మాత్రము మన చేతిలోని పని.

వ్యర్థముతో వ్యర్థమును శుద్ధిచేయుట మంచి ఆలోచన. దానిని కాదనకుడు, నిరుత్సాహపరుపకుడు. అయితే తేటపడిన నీటిని చూచి నావలె సంతోషించి జీపు ఎక్కకుడు. గట్టుమీద అవ్వ అడిగిన ప్రశ్నను మీ పంచాయతీ మొదటి ప్రశ్నగ స్వీకరింపుడు. సమాధానము వచ్చువరకు కూర్చుండుడు. సమాధానము సరియైనదైనచో ఆ కర్మాగారమును సంతోషముతో ఆహ్వానింపుడు.